చాదర్‌ఘాట్ ప్రిన్సిపాల్

మన పటాన్‌చెరు నుంచి సిటీ బస్సెక్కితే చేరిపోయే చాదర్‌ఘాట్‌లో ఒకప్పుడు ఒక ఇంగ్లీషాయన హైస్కూల్ ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. పేరు మార్మడ్యూక్ పిక్తాల్.

1875లో లండన్‌లో పుట్టారు. కుర్రతనంలోనే పాలస్తీనా, సిరియా ఊళ్లు తిరుగుతూ అరబ్బీ నేర్చుకున్నారు. నవలలు రాసి పేరు తెచ్చుకున్నారు. 1917లో ఇస్లాం స్వీకరించారు. 1925లో నిజాం కొలువులో చేరారు. 1927 నుంచి ఇక్కడే ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రిక నడిపారు.

కానీ ఆయన జీవితంలో పెద్ద పని ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తేవడం. ఖురాన్ కవిత్వం కాదంటారు గానీ అందులో ప్రాస ఉంది, లయ ఉంది. అది చెవితో వినాల్సిన భాష. పోతన పద్యాన్ని ఇంగ్లీషులో చెప్పి చూడండి, కథ వస్తుంది, నడక రాదు. ఆయనకూ అదే చిక్కు. నిజాం జీతంతో రెండేళ్లు సెలవిచ్చారు. కైరో వెళ్లి పండితులతో కూర్చుని రాతప్రతి సరిచూసుకున్నారు.

1930లో పుస్తకం వచ్చింది. ఖురాన్ అని ఊరుకోకుండా, ఖురాన్ ‘అర్థం’ అని పేరు పెట్టారు. అంత కష్టపడి కూడా, తను తెచ్చింది అర్థమే గానీ మూలం కాదని అట్ట మీదే చెప్పేశారన్నమాట.

1935లో హైదరాబాద్ వదిలారు. మరుసటి ఏడు ఇంగ్లండ్‌లో కన్నుమూశారు. ఆ పుస్తకం మాత్రం ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.