నోటిమాటను బడిలోకి తెచ్చిన పంతులుగారు

తండ్రికి బదిలీ అయితే పిల్లవాడి బడి మారుతుంది, ఊరు మారుతుంది, ఒక్కోసారి భాషా మారుతుంది. ఈ సంగతి తిల్దాలో చదివే మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, తరగతిలో హిందీ, ఇంగ్లీషు. నాలుగు భాషల మధ్య తిరిగే మీలాంటివాళ్ళకు గిడుగు వెంకట రామమూర్తి గారి కథ తెలియాలి. ఆయనా బదిలీ ఉద్యోగి కొడుకే.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, ముఖలింగం దగ్గర పర్వతాలపేట అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి జమీందారీ ప్రాంతంలో చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఆయనకు చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఒకే బడిలో అలాంటి ఇద్దరు చదవడం ఆ బడి అదృష్టం!

కాలేజీకి వెళ్ళే స్తోమత లేదు. 1880లో ముప్ఫై రూపాయల జీతానికి పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఎ. వరకు చదివారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. సంతకు వచ్చే సవరలను వ్యాపారులు మోసం చేస్తుంటే వాళ్ళ తరఫున అడిగేవాడు లేడు, ఎందుకంటే వాళ్ళ మాట ఎవరికీ రాదు. వాళ్ళకు చదువు చెప్పాలని పంతులుగారికి అనిపించింది. అయితే ఏ భాషలో చెప్పాలి? తెలుగులో చెబితే వాళ్ళకు అర్థం కాదు. సవరలో చెబుదామంటే పంతులుగారికి రాదు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. కొనుక్కోవడానికి ఒక్క పుస్తకం కూడా దొరకదు.

పుస్తకం లేని భాషను నేర్చుకునే దారి ఒక్కటే, మాట్లాడేవాళ్ళ దగ్గర కూర్చోవడం. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆయన నేర్చుకున్నారు. కొండలెక్కి పల్లెలు తిరిగి, విన్నది విన్నట్టు రాసుకున్నారు. సవర భాష సంతాలీ, ముండారీ భాషలకు చుట్టం, తెలుగుకు కాదు. అందులో గొంతులోనే ఆపి పలికే ధ్వని ఒకటుంది, దాన్ని రాయడానికి మన అక్షరమాలలో అక్షరం లేదు. అలాంటి ధ్వనులను గుర్తించి రాయడానికి ధ్వనిశాస్త్రం కావాలి. అది నేర్పే గురువు ఆయనకు దొరకలేదు కనుక పుస్తకాలు తెప్పించుకుని తానే చదువుకున్నారు. సవరలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలూ తానే ఇచ్చారు. మొదటి జీతం ముప్ఫై రూపాయలని పైన చెప్పాను, గుర్తుంచుకోండి.

ఆ తిరుగుడుకు ఆయన పెద్ద మూల్యమే చెల్లించారు. కొండజ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయి. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు.

అదే కాలంలో ఐరోపాలోనూ భాష ఎలా నేర్పాలన్న చర్చ జోరుగా సాగుతోంది. జర్మనీ, డెన్మార్క్ బడుల్లో పిల్లలు ఏళ్ళ తరబడి ఇంగ్లీషు వ్యాకరణం వల్లించినా నాలుగు మాటలు మాట్లాడలేకపోయేవారు. జర్మనీలో విల్‌హెల్మ్ ఫియెటర్ 1882లో ఒక చిన్న పుస్తకం రాసి ఈ పద్ధతి మారాలన్నారు. ముందు చెవికి, తర్వాత నోటికి, ఆ తర్వాతే కంటికి అన్నది ఈ కొత్తదారి సారాంశం. ఇంగ్లండులో హెన్రీ స్వీట్ 1899లో ఇదే విషయం మీద పెద్ద గ్రంథం రాశారు. బెర్నార్డ్ షా నాటకంలో పూలమ్మే పిల్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ప్రొఫెసర్ పాత్రకు కొంతవరకు ఈ స్వీట్ గారే ప్రేరణ. రామమూర్తి గారు పర్లాకిమిడిలో కూర్చుని స్వీట్ గ్రంథాలు చదివారు. సవరల దగ్గర తాను చేసింది సరైన పనేనని అప్పుడు ఆయనకు ఇంకా గట్టిగా అనిపించి ఉంటుంది.

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు నేర్చుకోబోయి ఆయన తికమకపడ్డారు. బజారులో అందరూ 'వస్తున్నాడు' అంటారు, పుస్తకంలో 'వచ్చుచున్నాడు' అని ఉంటుంది. ఎందుకీ తేడా అని విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గిడుగు, గురజాడల పేర్లు చెప్పారు. ఆ ప్రశ్న రామమూర్తి గారిని పట్టుకుని వదల్లేదు. సవర పిల్లలకు వాళ్ళు మాట్లాడే భాషలో చదువు చెప్పవచ్చు, తెలుగు పిల్లలకు మాత్రం ఎవరూ మాట్లాడని తెలుగులో చెప్పాలా?

అక్కడినుంచి ముప్ఫై ఏళ్ళకు పైగా పోరాటమే. 1911లో ఉద్యోగం విరమించాక ఆయనకు ఇదే పని. స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుకభాషలో రాయవచ్చని ప్రభుత్వం ఒకసారి ఒప్పుకుంది. పండితులు గట్టిగా ఎదురు తిరగడంతో ఆ వీలు మళ్ళీ పోయింది. 1915లో గురజాడ కన్నుమూశారు. రామమూర్తి గారు 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఆయన వాదించే తీరు నాకు భలే ఇష్టం. గ్రాంథికమే రాయాలనే పండితుల పుస్తకాలే తీసి, అందులో వాళ్ళ వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో చూపించేవారు. పండితులకే రానిది పిల్లలకు ఎలా వస్తుందన్నది ఆయన ప్రశ్న. పాత కావ్యాలను ఆయన వద్దనలేదు, చదివి ఆనందించమనే చెప్పారు. రాసేటప్పుడు మాత్రం ఇప్పటి తెలుగు రాయమన్నారు.

సవర పనీ ఆగలేదు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని అచ్చువేసింది. తర్వాత నిఘంటువు కూడా వచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు విడిచి, డెబ్బై దాటిన వయసులో రాజమహేంద్రవరం తరలివెళ్ళారు. బదిలీ ఉత్తర్వు లేకుండానే జరిగిన బదిలీ అది.

1940 జనవరి 22న మద్రాసులో ఆయన కన్నుమూశారు. దానికి వారం ముందు కూడా, పత్రికలను వాడుకభాషలో నడపమని పత్రికలవాళ్ళను కోరుతూ మాట్లాడారు. ఆ మాట పాఠ్యపుస్తకాల దాకా పూర్తిగా చేరడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం.