డిరోజియో – గురుశిష్యులు

హెన్రీ డిరోజియో 1809వ సంవత్సరమున కలకత్తాయందు జన్మించెను. ధర్మతలా పాఠశాలలో డేవిడ్ డ్రమ్మండను స్కాట్లండు దేశీయుడు ఆతనికి గురువు. విచారింపక దేనిని నమ్మరాదను బుద్ధి ఆతనివలన నలవడెను.

1826లో, పదునేడేండ్ల ప్రాయముననే, డిరోజియో హిందూ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆంగ్ల సాహిత్యమును చరిత్రమును బోధించుటతో తృప్తినొందక, ప్రతి విషయమునను ఇరుపక్షముల వాదములను శిష్యులచేతనే చెప్పించి, నిర్ణయమును వారికే విడుచుచుండెను. విగ్రహారాధనమును చర్చకు వచ్చెను. తలిదండ్రులు బెదరిరి, కొందరు బిడ్డలను కళాశాల మాన్పించిరి. 1831 ఏప్రిలులో నిర్వాహకులు ఆతనిని తొలగింప నిశ్చయింపగా, తన్ను విచారింపకయే దోషిని జేసిరని నిరసించి, ఉద్యోగమును విడిచెను. ఆ డిసెంబరులోనే విషూచి సోకి ఇరువదిరెండేండ్లకే మృతినొందెను.

శిష్యులలో కృష్ణమోహన బందోపాధ్యాయుడు 1832లో క్రైస్తవుడయ్యెను. రామతను లాహిరి తానును ఉపాధ్యాయుడై, 1851లో యజ్ఞోపవీతమును విసర్జించి, బంధుజనుల దూషణమును నిబ్బరముతో సహించెను. ఇరువురి త్రోవలును వేరు. కాని ఎవరి త్రోవను వారు విచారించి కనుగొనిరి గావున, ఇరువురును ఆ గురువునకు దగిన శిష్యులే.

సోదరులారా! మన బిడ్డలు ప్రశ్నింప నేర్చి యింటికి వచ్చిన దినమున, నేర్పిన యుపాధ్యాయునికి మనము అండగా నిలుతుమా?