భాండాగారాధిపతి బసవేశ్వరుడు

12వ శతాబ్దమున బాగేవాడిలో జన్మించిన బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భాండాగారాధిపతి యయ్యెను. రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కొండెములు పుట్టగా, బిజ్జలుడు లెక్కింపించెననియు, ధనము తగ్గలేదనియు బసవపురాణము చెప్పుచున్నది. ఆ మహిమ యటుండనిండు. కాయకఫలములో కుటుంబపోషణకు పోగా మిగిలినదే దాసోహమని ఆయన బోధ. కూలి కడుపునకే చాలనివాడు దాసోహ మెట్లు చేయును? సిరిసిల్ల మరమగ్గముల కార్మికులకును, కోరుట్ల, జగిత్యాలలలో బీడీలు చుట్టు స్త్రీలకును ఈ చిక్కు తెలియును. 1948 నాటి కనీస వేతనముల చట్టము కూలి నిర్ణయించుట ప్రభుత్వమునకును, చెల్లించుట యజమానికిని అప్పగించెను. యజమానికి గిరాకి లేనిచోట భాండాగారము తెరువక తప్పదు; 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరలు నేయింపగా సిరిసిల్ల మగ్గములకు పని దొరకెను.

బసవేశ్వరుని కొలువు మాత్రము కడవరకు నిలువలేదు. హరళయ్య, మధువయ్యల బిడ్డల వివాహముపై రాజు ఆగ్రహింపగా, ఆయన కల్యాణము విడిచి కూడలసంగమము చేరెనందురు.