స్పర్జన్ గారి గొంతు, స్పర్జన్ గారి చెవి

బాప్టిస్టు సంఘాల్లో చార్లెస్ హేడన్ స్పర్జన్ గారి పేరు వినని వారు అరుదు. ఆయన జీవిత చరిత్రంతా ఒక వ్యాసంలో ఇమిడేది కాదు. వేలమందితో మాట్లాడడం ఆయన ఎలా నేర్చుకున్నారు, ఎదుటివారి మాట వినడం ఎలా నేర్చుకున్నారు అనే రెండు సంగతుల వెంటనే ఈసారి నడవదలచాము. కారణం లేకపోలేదు. బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో పుట్టి పెరిగిన మన బిడ్డలు బడిలో కన్నడమో, ఒడియానో, మరాఠీనో చదువుకొని, ఆదివారం నాడు మన గ్రాంథికపు తెలుగు ప్రసంగం ముందు బొమ్మల్లా కూర్చుంటున్నారు. తప్పు బిడ్డలదే అని తేల్చేయడం సులువు. స్పర్జన్ గారు మాత్రం అలా తేల్చేవారు కారు.

ఆయన 1834 జూన్ 19న ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతపు కెల్వెడన్ గ్రామంలో పుట్టారు. తండ్రి, తాత ఇద్దరూ కాపరులే. పసితనంలో కొన్నేళ్లు స్టాంబోర్న్‌లో తాతగారింట పెరిగారు. యాత్రికుని ప్రయాణము పుస్తకం ఆ ఇంట్లోనే ఆయన చేతికి చిక్కింది. జీవితాంతం దాన్ని మళ్లీ మళ్లీ చదివారు. సామాన్యుడికి అర్థమయ్యే బొమ్మల్లాంటి భాష ఆయనకు అక్కడినుంచే పట్టుబడిందని మా అభిప్రాయం.

1850 జనవరి 6, ఆదివారం. కోల్చెస్టరు పట్టణంలో మంచు విపరీతంగా కురుస్తోంది. పదిహేనేళ్ల చార్లెస్ తాను వెళ్లదలచిన గుడికి వెళ్లలేక, దారిలో కనబడిన ప్రిమిటివ్ మెథడిస్టుల చిన్న ప్రార్థనాలయంలో దూరారు. లోపల ఉన్నది పదిపదిహేను మంది. మంచు వల్ల కాబోలు కాపరి రాలేదు. బక్కపలచటి మనిషి ఒకాయన లేచి యెషయా 45:22 చదివి ప్రసంగించారు. పెద్ద చదువు లేదు, చెప్పడానికి ఎక్కువ మాటలూ లేవు. అందుచేత ఆ వచనాన్నే పట్టుకొని, తిప్పితిప్పి దేవునివైపు చూడమనే చెప్పారు. చివరికి వెనుక కూర్చున్న కుర్రవాడి దిగులు ముఖాన్ని కనిపెట్టి, నేరుగా అతనితోనే మాట్లాడారు. రక్షణ కోసం నెలల తరబడి అల్లాడుతున్న ఆ కుర్రవాడికి ఆ పూట వెలుగు దొరికింది. ఆ బోధకుడి పేరేమిటో నేటికీ ఖాయంగా తేలలేదు. ఉపన్యాస కళ లెక్కన చూస్తే అది లేతది, బీదది. కాని ఎదుట కూర్చున్నవాడి ముఖం చూసి మాట్లాడడం అనే ఒక్క గుణం అందులో ఉంది. అదే ఏడు మే 3న ఐలహాం దగ్గర లార్క్ నదిలో చార్లెస్ బాప్తిస్మం పొందారు.

ఆయన మొదటి ప్రసంగం ఒక విధంగా మోసంతో జరిగింది! కేంబ్రిడ్జిలో బడిపంతుళ్లకు సహాయకుడిగా పనిచేసే రోజుల్లో, పల్లెలకు బోధకులను పంపే పెద్దమనిషి ఒకరు ఆయన్ను పిలిచి, ఆరాధన జరిపి అలవాటులేని యువకుడొకడు టెవర్షాం వెళుతున్నాడు, తోడు వెళ్లమన్నారు. ఇద్దరూ బయలుదేరారు. నడుస్తూ నడుస్తూ చార్లెస్ ఆ తోటివాడితో నీ ప్రసంగంలో దేవుని సహాయం ఉండునుగాక అన్నట్టు మాట్లాడారు. అతడు ఉలిక్కిపడి, తాను కాదు, బోధించవలసింది నువ్వేనని తేల్చాడు. పదహారేళ్లవాడు. వెనక్కి తిరిగే దారి లేదు. ఒక గుడిసె ఇంట్లో, పొలం పనులు చేసుకునే కొద్దిమంది ముందు, క్రీస్తు తన హృదయానికి ఎంత ప్రియమైనవాడో అదే చెప్పారు. తనకు తెలిసింది మాత్రమే చెప్పడం ఆనాడే మొదలైంది.

1851లో వాటర్‌బీచ్ గ్రామ సంఘానికి కాపరి అయ్యారు. వేదాంత కళాశాలలో చేరే ఏర్పాటొకటి జరిగింది గాని, ఆ కళాశాల పెద్దను కలవవలసిన ఇంట్లో పనిపిల్ల ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మరచిపోయింది. ఒకరి కోసం ఒకరు చూసి చూసి వెళ్లిపోయారు. ఆ తర్వాత కళాశాల చదువు ఆయనకు లేనే లేదు. 1854లో లండన్ న్యూ పార్క్ స్ట్రీట్ సంఘం ఆయన్ను కాపరిగా పిలిచింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. పన్నెండువందల మంది పట్టే గుడిలో మొదట్లో రెండువందల మందే ఉండేవారు. కొద్ది నెలల్లో నిలబడే చోటు కూడా కరువైంది.

ఆ గుడిలో గాలి ఆడేది కాదు. పై కిటికీల అద్దాలు తీయించమని డీకన్లను ఎన్నిసార్లు అడిగినా పని జరగలేదు. ఒకనాడు ఎవరో ఆ అద్దాలను పగలగొట్టారు. పగలగొట్టినవాణ్ణి పట్టుకుంటే ఐదు పౌండ్లు ఇద్దామని, ఆ సొమ్ము అతనికే బహుమానంగా ఇద్దామని ఆయన సూచించారు. ఆ పని చేసిన చేతికర్ర ఎవరి చేతిదో తరువాత ఆయనే పరోక్షంగా ఒప్పుకున్నారు. నవ్వులాటే అయినా విషయం చిన్నది కాదు. ఊపిరాడని గదిలో కూర్చున్నవాడు వాక్యం వినలేడు, నిద్రపోతాడు. తాటాకు పందిళ్ల నుంచి రేకుల గుడులకు మారిన మన సంఘాల పెద్దలు మే నెల ఆరాధనలో ఒకసారి వెనుక బల్లపై కూర్చొని చూడవలెను.

1856 అక్టోబరు 19 రాత్రి సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో ఆయన జీవితంలోనే చీకటి ఘడియ వచ్చింది. వేలాదిమంది కిక్కిరిసి ఉండగా ఎవరో నిప్పు అంటుకుందని కేక పెట్టారు. నిప్పు లేదు, అబద్ధపు కేక. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు, ఇరవై ఎనిమిది మంది గాయపడ్డారు. ఇంట్లో నెలనాటి కవలపిల్లలు. ఇరవై రెండేళ్ల కాపరి మనసు విరిగిపోయింది. కొన్నాళ్లకు వేదికెక్కారు గాని, పెద్ద గుంపును చూస్తే గుండె జారడం, దిగులు కమ్మడం ఆయనను జీవితాంతం వదలలేదు. ధైర్యం ఉన్నవాడే మాట్లాడగలడు అనుకునే మన యువకులు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆయన భయంతోనే మాట్లాడారు.

మరుసటి ఏడు మన దేశంతో ముడిపడిన ఘట్టం ఉంది. 1857 తిరుగుబాటు సందర్భంగా బ్రిటిషు ప్రభుత్వం అక్టోబరు 7ను ఉపవాస ప్రార్థన దినంగా ప్రకటించింది. ఆనాడు క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన మాట్లాడారు. లెక్కకు వచ్చిన జనం 23,654. మైకు లేదు, లౌడుస్పీకరు లేదు! అంతకుముందే వేదిక ఎక్కడ పెట్టాలో చూడడానికి వెళ్లి, గొంతు పరీక్షగా యోహాను 1:29లోని మాట పలికితే, ఎక్కడో పనిచేసుకుంటున్న పనివాడొకడు విని మనసు మార్చుకున్నాడట. ఆనాటి చందా ఇండియా బాధితుల నిధికి పోయింది. ఆ సహాయం ఎక్కువగా ఇక్కడి ఇంగ్లీషువారిని తలచి చేసిందే, మన పక్షం బాధలు ఆ వేదికకు అంతగా చేరలేదు. ఎంత గొప్ప ప్రసంగీకుడైనా తన జనం కళ్లతోనే చూస్తాడన్నది కూడా చెప్పుకోవలసిందే. ఆ బుధవారం రాత్రి పడుకున్నవారు శుక్రవారం ఉదయానికి లేచారు.

1861లో మెట్రోపాలిటన్ టాబర్నకిల్ తెరిచారు. ఐదువేలకు పైగా కూర్చునే గుడి. అందులో మనిషిని సగం మింగే పులిపిట్టు పెట్టించలేదు, కటకటాలున్న వేదిక పెట్టించారు. అంతకు ముందే, 1856లో, కాపరుల కళాశాల స్థాపించారు. శుక్రవారం మధ్యాహ్నాలు విద్యార్థులతో చెప్పిన పాఠాలు 1875 నుంచి పుస్తకాలుగా వచ్చాయి. గొంతు గురించి ఒక పాఠం, శ్రోతల శ్రద్ధ గురించి ఒక పాఠం, చేతుల కదలిక గురించి బొమ్మలతో సహా పాఠాలు! ఆయన చెప్పినదాని సారం ఇది. మొదలే అరవకూడదు. గుడిలోకి రాగానే గొంతు మార్చి రాగం తీయకూడదు, ఇంట్లో మాట్లాడే గొంతే వేదికపైనా ఉండాలి. అక్కడక్కడ ఆగాలి, ఆ నిశ్శబ్దానికి నిద్రపోయేవాడు లేస్తాడు. నలభై, నలభై ఐదు నిమిషాలు దాటకూడదు. ఎక్కువసేపు మాట్లాడేవాడు సరిగా సిద్ధపడనివాడని ఆయన అనుమానం. గొంతు పట్టేస్తే మిరియాలు దండిగా వేసిన మాంసపు రసం తాగేవారట. మన మిరియాల చారు ఆయనకు తెలియదు, పాపం.

ఒకచోట ఆలస్యంగా వచ్చేవారి కోసం జనమంతా తలలు తిప్పి చూస్తుంటే, మీరు చూడనక్కరలేదు, వచ్చినవారి వర్ణన నేనే చెబుతానని మొదటి పెద్దమనిషిని వర్ణించారట. రెండోవాడి కోసం ఎవరూ తల తిప్పలేదు.

ఇక చెవి సంగతి. లండన్ వచ్చిన తొలిరోజుల్లో పేరు చెప్పని ఒకాయన వారం వారం ఆయన ఉచ్చారణ తప్పులను, ఇతర లోపాలను జాబితా రాసి పంపేవారు. ఒక కీర్తనలోని చరణాన్ని పదేపదే వాడుతున్నారని కూడా రాశారు. స్పర్జన్ గారు కోపగించలేదు. తప్పులు దిద్దుకున్నారు. ఆ రుణం తీర్చుకోవడానికి ఆ మనిషి పేరు తెలియకపోవడమే ఆయనకున్న ఫిర్యాదు. అలాగని ప్రతి మాటా వినమనలేదు. కాపరికి ఒక గుడ్డి కన్ను, ఒక చెవిటి చెవి ఉండాలని వేరే పాఠంలో నేర్పారు. కొత్త సంఘానికి వెళ్లిన కాపరి పాత తగవుల చరిత్ర విని ఒక పక్షం చేరకూడదు. తన గురించి చాటున ఏమనుకుంటున్నారో పొంచి వినకూడదు. మన సంఘాల్లో కుటుంబాల మధ్య, పాత ఊళ్ల మధ్య నడిచే పక్షాలు తెలిసినవారికి ఈ పాఠం విలువ వేరే చెప్పనక్కరలేదు.

కాని బాధలో వచ్చినవారి మాట మాత్రం పూర్తిగా వినేవారు. మంగళవారాలు రక్షణ గురించి విచారించేవారికి, సంఘంలో చేరదలచినవారికి కేటాయించారు. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టుకొని సాక్ష్యం వినేవారు. వేలమంది సంఘంలో ఇది చిన్న శ్రమ కాదు. ఆదివారం మాటలకు ముడిసరుకు మంగళవారం వినడంలోనే దొరికేదని మేము అనుకుంటాము. అప్పుడప్పుడు తన సంఘస్థులనే ఆదివారం సాయంత్రం ఇంటివద్ద ఉండమనేవారు, కొత్తవారికి చోటు దొరకాలని.

శనివారం రాత్రి కాగితం ముక్క మీద నాలుగు మాటలు రాసుకొని, ఆదివారం చూడకుండా మాట్లాడితే లేఖకుడు షార్టుహ్యాండులో తీసుకునేవాడు. సోమవారం దిద్ది, వారంలోనే అచ్చువేసి ఒక పెన్నీకి అమ్మేవారు. 1887లో సిద్ధాంత వివాదంలో బాప్టిస్టు యూనియన్‌ను విడిచారు. ఆ గాయం, కీళ్లవాతం కలిసి ఆయన్ను కుంగదీశాయి. 1891 జూన్ 7న టాబర్నకిల్‌లో చివరిసారి ప్రసంగించి, 1892 జనవరి 31న ఫ్రాన్సులోని మెంటోన్‌లో ప్రభువునందు నిద్రించారు. వయస్సు యాభై ఏడు. లండన్‌లో శవపేటిక మీద ఉంచిన బైబిలు యెషయా 45వ అధ్యాయం దగ్గర తెరిచి ఉంది. లేఖకులు తీసుకున్న ప్రసంగాలు ఇంకా చాలా మిగిలి ఉండడంతో ఆయన పోయిన తరువాత కూడా వారం వారం అచ్చవుతూ వచ్చాయి. 1917లో, మొదటి ప్రపంచయుద్ధపు కాగితం కరువులో అవి ఆగాయి.