ఓరుగల్లు కొలువులో దివిసీమ బిడ్డ జాయపసేనాని

ఓడిన వంశంలో పుట్టి, గెలిచిన రాజు కొలువులోనే శాశ్వత కీర్తి గడించినవారు చరిత్రలో అరుదు. అట్టివారిలో జాయపసేనాని ఒకడు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి వద్ద గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా పనిచేసిన ఈ సేనాని నృత్తరత్నావళి అనే సంస్కృత గ్రంథాన్ని రచించాడు. నాట్యశాస్త్రంలో ఓరుగల్లు పేరు నిలిపిన ఈయన స్వస్థలం ఓరుగల్లు కాదు, సముద్రతీరంలోని దివిసీమ.

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి సముద్రం చేరుతుంది. ఆ పాయల నడుమ ఉన్న లంకభూమే దివి. వరిచేలు, మడ అడవులు, ఇసుక తిన్నెలు, చేపల పడవలతో కనులపండువుగా ఉండే పల్లెలు అవి. అవనిగడ్డ, నాగాయలంక, నది సాగరంలో కలిసే హంసలదీవి అక్కడివే. భాగవతుల ఊరు కూచిపూడి కూడా ఆ చేరువలోనే ఉన్నది.

దండయాత్ర, ఆపై బంధుత్వం

ఈ సీమను అయ్య వంశపు నాయకులు వెలనాటి చోడుల సామంతులుగా ఏలేవారు. 1199లో రాజ్యానికి వచ్చిన గణపతిదేవుడు తీరాంధ్రంపైకి సేనలను నడిపినప్పుడు దివి కూడా కాకతీయుల వశమైంది. ఆ దాడిలో పాల్గొన్న మల్యాల చౌండ సేనాని దివిని కొల్లగొట్టినవాడనే బిరుదు ధరించాడు. ఆ సంగతి తెలిపే 1203 నాటి శాసనం మన కొండపర్తిలోనిదే.

అయితే తీరసీమను కత్తితో గెలవడం వేరు, నిలుపుకోవడం వేరు. గణపతిదేవుడు దివి నాయకుడైన పినచోడి కుమార్తెలు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను చిన్ననాడే చేరదీసి, గుండామాత్యుని వద్ద నాట్యవిద్య నేర్పించాడు. పెద్దవాడైన తరువాత సేనలో ఉన్నత పదవి ఇచ్చి, నేటి గుంటూరు జిల్లాలోని చేబ్రోలును అప్పగించాడు. అప్పట్లో ఆ ఊరిని తామ్రపురి అనేవారు. మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ 1244లో శాసనం వేయించినది కూడా ఈ గణపతిదేవుడే. సముద్రతీరం కాకతీయ రాజ్యానికి ఎంత ముఖ్యమో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

జాయప తన ఇద్దరు పెద్దలనూ మరువలేదు. పుట్టిన దివిలో రాజు పేరిట గణపేశ్వరాలయం కట్టించి 1231లో శాసనం వేయించాడు. రాజు ఇచ్చిన చేబ్రోలులో తండ్రి పేరిట చోడేశ్వరాలయం కట్టించాడు. దివిలోని ఆ ఊరు నేటికీ గణపేశ్వరమనే పిలువబడుతున్నది.

నృత్తరత్నావళి

1253-54 ప్రాంతంలో పూర్తయిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగూ భరతుని మార్గ పద్ధతికి, తక్కిన నాలుగూ దేశి నృత్తాలకు చెందినవి. ఈ గ్రంథం విశిష్టత దేశి భాగంలోనే ఉన్నది. శాస్త్రం రాసే పండితులు సాధారణంగా ప్రజల ఆటపాటల జోలికి అంతగా పోరు. జాయప మాత్రం పేరణి, దండరాసకం, కందుకం, చిందు, కోలాటం వంటివాటిని శ్రద్ధగా వర్ణించాడు. వీటిలో చిందు, కోలాటం మన పల్లెలకు నేటికీ సుపరిచితాలే.

ఈ గ్రంథం చూసే రామప్ప గుడి నాట్యశిల్పాలు చెక్కారని కొందరు చెబుతుంటారు. కాలాన్ని లెక్కిస్తే ఆ మాట పొసగదు. రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించినది 1213లో. గ్రంథం వచ్చినది ఆ తరువాత నలభై ఏళ్ళకు. శిల్పి ఉలికైనా, సేనాని గంటానికైనా ఆధారం ఆనాడు ఈ గడ్డపై సజీవంగా ఉన్న నృత్యమే అనుకోవడం సబబు.

రాతప్రతిగా ఉండిపోయిన ఈ గ్రంథాన్ని డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరించగా 1965లో మద్రాసులో అచ్చయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దీన్ని తెనిగించారు. నటరాజ రామకృష్ణ ఈ గ్రంథాన్నీ, రామప్ప శిల్పాలనూ పరిశీలించి పేరిణి తాండవానికి మళ్ళీ రూపమిచ్చారు. 1985 శివరాత్రికి రామప్ప గుడిలోనే ఆ నృత్యం ప్రదర్శించారు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ పల్లెలు వేలాది ప్రాణాలు కోల్పోయాయి. మన ప్రాంతంలో చాలామందికి దివి అనగానే ఆ విషాదమే స్ఫురిస్తుంది. పేరిణి ప్రదర్శన చూసి చప్పట్లు కొట్టే ఓరుగల్లువాసులు ఆ తీరానికి తాము పడిన రుణాన్ని కూడా తలచుకోవాలి. కొండపర్తి శాసనం దివి దోపిడీని చెబుతుంది. గణపేశ్వరం శాసనం దివి బిడ్డ మన రాజు పేరిట కట్టిన గుడిని చెబుతుంది. ఈ రెండింటి మధ్య గడిచినవి 28 ఏళ్ళే. కొండపర్తికి పిల్లలను తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు ఈ రెండో కథను కూడా వారికి చెప్పడం మంచిది.