యల్లాప్రగడ సుబ్బారావు – ఆయన మందూ, దాన్ని ఎదిరించిన క్రిములూ

మా కనిగిరి వైపు పల్లెల్లో కడుపు చెడిందంటే డాక్టరు చీటీతో పని ఉండేది కాదు. షాపులో రెండు రకాల బిళ్ళలు పొట్లం కట్టి ఇచ్చేవారు. రెండో పూటకి తగ్గిందా, మిగతావి గూట్లోకి వెళ్ళేవి. ఆ బిళ్ళల్లో తరచూ కనిపించిన టెట్రాసైక్లిన్ వెనక ఒక తెలుగువాడి కథ ఉంది. అది మనలో చాలామందికి తెలియదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో చురుకైనవాడేం కాదు. కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని చిన్నతనంలోనే ఇల్లు విడిచి బయల్దేరితే తల్లి వెంకమ్మ వెనక్కి లాక్కొచ్చింది. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఈ మాట పరీక్ష తప్పిన మిత్రులకోసమే రాస్తున్నాను!

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను తొడుక్కున్నారు. తెల్ల ప్రొఫెసరుకి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావలసినవాడికి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. అన్నా, తమ్ముడూ కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక మనిషి శుష్కించిపోయే వ్యాధి అది. తనకూ వచ్చింది గాని ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

ఆ తర్వాత మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఏ.టి.పి.ని 1929లో వెలికితీశారు. బయోకెమిస్ట్రీ చదివేవారికి ఇదంతా పాఠమే కనుక ఇక్కడ ఆగను. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. ఆయన పురమాయింపు మీదే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ ఊరూరా మట్టి తెప్పించి పరీక్షించాడు. మిస్సోరీ మట్టిలోని బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ దొరికింది. అదే టెట్రాసైక్లిన్ జాతికి తొలిబిడ్డ. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ ఏడే ఆగస్టు 8న సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. భార్య శేషగిరి ఆయన్ను మళ్ళీ చూడనేలేదు. స్ప్రూకి నేటి వైద్యం ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్ కలిపి నెలల తరబడి ఇవ్వడం. అన్నదమ్ములను తినేసిన జబ్బుకి రెండు మందులూ ఆయన ప్రయోగశాల చలవే!

ఆయన చూడని కథ ఇక మొదలవుతుంది. 1950ల్లో జపానులో జిగట విరేచనాల రోగుల నుంచి తీసిన షిగెల్లా క్రిములు సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒక్కసారిగా లొంగకుండా పోయాయి. ఒక్కో మందుకి ఒక్కో మార్పు విడివిడిగా రావాలంటే ఇంత త్వరగా కుదరదు. 1959లో అక్కడి శాస్త్రజ్ఞులు గుట్టు విప్పారు. క్రిమిలో అసలు క్రోమోజోము కాక చిన్న డి.ఎన్.ఏ. ఉంగరం ఉంటుంది. దాన్నే ప్లాస్మిడ్ అన్నాం. క్రిమి పక్కదాన్ని అంటుకుని ఆ ఉంగరానికి నకలు అందిస్తుంది. పక్కది వేరే జాతిదైనా పట్టింపు లేదు. ఆ ఉంగరం మీద ఒక చోటి నుంచి మరో చోటికి గెంతే జన్యువులు, ట్రాన్స్‌పోజాన్లు, ఎక్కి కూచుంటాయి. టెట్రాసైక్లిన్‌ని ఎదిరించే ఒక జన్యువు చేసే పనల్లా క్రిమి పొరలో ఒక పంపు బిగించడం. లోపలికొచ్చిన మందును వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేస్తుంది.

దీనికి మనిషి తోడ్పాటూ ఉంది. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పి మేపితే కోడిపిల్లలు త్వరగా ఎదుగుతాయని అదే లెడర్లేలో జూక్స్, స్టోక్‌స్టాడ్ గమనించారు. 1950 నుంచి దాణాలో మందు మామూలైపోయింది. 1970ల్లో లెవీ అనే డాక్టరు ఒక ఫారంలో కోళ్ళకు ఈ జాతి మందు పెట్టించి చూస్తే, నెలల్లో ఆ రైతు ఇంటిల్లిపాది పేగుల్లోనూ మొండి క్రిములు కనిపించాయి.

ఆస్పత్రుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నూరు రకాల మందులూ, నూరు రకాల క్రిములూ ఒకే వార్డులో ఉంటే ఉంగరాల మార్పిడికి అదే సంత. 2010లో ప్రపంచమంతా చర్చించిన ఎన్.డి.ఎం.–1 జన్యువు కూడా ప్లాస్మిడ్ల మీదే తిరుగుతుంది. ఆఖరి ఆయుధాలనుకున్న కార్బపెనెమ్ మందులను అది పనికిరాకుండా చేస్తుంది. సుబ్బారావుగారి మందు జాతి మాత్రం పూర్తిగా చచ్చిపోలేదు. స్క్రబ్ టైఫస్‌కి నేటికీ డాక్సీసైక్లినే ఇస్తున్నారు.

మనవాళ్ళెవరైనా ఆస్పత్రిలో పడి కల్చర్ రిపోర్టు చేతికొస్తే, మందుల వరసలో టెట్రాసైక్లిన్ ఉందేమో వెతకండి. దాని పక్కన ‘ఆర్’ అని ఉంటే, ఆ క్రిమి దానికి లొంగదని అర్థం.