ఇటుకలు లెక్కించిన ఇమామ్

కోనసీమలో ఇల్లు కట్టడం తేలికైన పని కాదు. నేల గోదావరి ఒండ్రు. కాస్త లోతు తవ్వితే నీరు పడుతుంది. ఒక పక్క వరద భయం, మరో పక్క తుఫాను భయం. 1996 నవంబర్ 6 రాత్రి విరుచుకుపడిన తుఫాను ఈ సీమలో వేలాది ఇళ్ళను నేలమట్టం చేసింది, కొబ్బరి తోటలను కూల్చివేసింది. 2022 జులైలో గోదావరి పొంగి లంక గ్రామాలను ముంచెత్తింది. అయినా అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో మన కుటుంబాలు గల్ఫ్ దేశాల్లో ఏళ్ళ తరబడి చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ముతో ఇళ్ళు కట్టుకుంటూనే ఉన్నాయి.

అలా కట్టిన గోడ కూలితే నష్టం ఎవరిది? పరంజా మీద నుంచి జారిపడి ఒక కూలీ మరణిస్తే అతని పిల్లలకు దిక్కెవరు? బీమా చేయిద్దామంటే అందులో వడ్డీ, జూదం కలిసి ఉంటాయేమోనన్న సంకోచం మనలో చాలామందికి ఉంది. ఈ ప్రశ్నల ముందు నిలబడినప్పుడు మనకు గుర్తుకు రావలసిన మహనీయుడు ఇమామ్ అబూహనీఫా (రహ్మలై). నమాజు మొదలు నికాహ్ వరకు మనలో అత్యధికులు అనుసరించేది ఆయన మదహబ్‌నే. కానీ ఆయన వ్యాపారి అనీ, ఒక మహానగర నిర్మాణంలో ఇటుకల లెక్క చూశారనీ మనలో ఎందరికి తెలుసు?

బట్టల దుకాణం నుంచి

ఆయన అసలు పేరు నుమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80లో, అంటే క్రీ.శ. 699లో ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. పట్టుబట్టల వ్యాపారం ఆయన జీవనాధారం. యువకుడిగా బజారుకు వెళ్ళివస్తున్న ఆయనలోని చురుకుదనాన్ని చూసి, పండితులైన ఇమామ్ షాబీ (రహ్మలై) విద్య వైపు మళ్ళమని హితవు చెప్పారట. ఆ తర్వాత హమ్మాద్ (రహ్మలై) అనే గురువు దగ్గర 18 సంవత్సరాలు విద్య నేర్చారు. హిజ్రీ 120లో గురువు కన్నుమూశాక ఆయన స్థానంలో కూర్చుని బోధించారు. విద్య పెరిగినా వ్యాపారం మానలేదు. పాలకుల కానుకల మీద ఆధారపడకుండా తన రెక్కల కష్టంతోనే బతికారు.

ఆయన వ్యాపారం ఎలాంటిదో తెలిపే ఒక సంఘటన ప్రసిద్ధం. లోపమున్న ఒక వస్త్రాన్ని భాగస్వామి హఫ్స్‌కు అప్పగించి, కొనేవారికి ఆ లోపం చూపించి మరీ అమ్మమని చెప్పారు. హఫ్స్ మరచిపోయి చెప్పకుండానే అమ్మేశాడు. కొన్నదెవరో తెలియలేదు. అప్పుడు ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారు. తనకు బాకీ ఉన్న మనిషి గోడ నీడలో నిలబడటానికి కూడా ఆయన ఇష్టపడలేదని, అప్పు ఇచ్చినందుకు ఆ నీడ పాటి లాభం పొందినా అది వడ్డీ అవుతుందేమోనని భయపడ్డారని చెబుతారు.

బాగ్దాద్ నిర్మాణంలో

హిజ్రీ 145లో, అంటే క్రీ.శ. 762లో ఖలీఫా మన్సూర్ టైగ్రిస్ నది ఒడ్డున బాగ్దాద్ నగర నిర్మాణం మొదలుపెట్టాడు. వలయాకారంలో కోట గోడలు, చుట్టూ కందకం. ఇమామ్‌ను ఖాజీగా నియమించాలని మన్సూర్ పట్టుబట్టాడు. తాను ఆ పదవికి తగనని ఇమామ్ అన్నారు. అబద్ధమాడుతున్నావని ఖలీఫా కోపగించాడు. అలాగైతే అబద్ధమాడేవాణ్ణి ఖాజీగా ఎలా నియమిస్తారని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. అంతకు పూర్వం ఉమయ్యద్‌ల గవర్నరు ఇబ్నె హుబైరా పదవి ఇవ్వజూపినప్పుడు కూడా ఆయన తిరస్కరించి కొరడా దెబ్బలు తిన్నారు. పాలకుడి ఇష్టానికి తలవంచి తీర్పు చెప్పవలసి వస్తే పరలోకంలో ఏం జవాబు చెప్పాలన్నదే ఆయన భయం.

ఏదో ఒక పని అప్పగించి తీరతానని మన్సూర్ ఒట్టు పెట్టుకున్నాడు. చివరికి ఇటుకల తయారీని, వాటి లెక్కను, పనివారిని చూసే బాధ్యత ఇమామ్ మీద పెట్టాడని చరిత్రకారుడు తబరీ రాశాడు. ఒక్కొక్క ఇటుకనూ లెక్కపెట్టే బదులు, పేర్చిన వరుసలను రెల్లు కర్రతో కొలిచి లెక్క కట్టే పద్ధతిని మొదట ఆయనే తెచ్చారట. అంతటి పండితుడు ఇటుకల లెక్కను చిన్న పనిగా భావించలేదు. తీర్పు చెప్పే పదవి వద్దన్న మనిషి, ఇటుకల లెక్క చెప్పే పని చేశారు. ఇందులో మనకో పాఠం ఉంది.

గోడ వంగితే బాధ్యత ఎవరిది?

ఆయన, ఆయన శిష్యులు ఇమామ్ అబూయూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) ఇల్లు కట్టేవారి వ్యవహారాలను ఎంతో లోతుగా పరిశీలించారు. సరుకు మనదై, మేస్త్రీ పని మాత్రమే చేస్తే అది కూలి ఒప్పందం. సరుకు, పని రెండూ అతనివే అయితే అది ఇస్తిస్నా, అంటే చేయించుకునే ఒప్పందం. ఇంకా తయారుకాని వస్తువును అమ్మడం మామూలుగా చెల్లదు. కానీ ప్రజల అవసరాన్ని, వాడుకను చూసి హనఫీ ఇమామ్‌లు దీన్ని అనుమతించారు. 1992లో జిద్దాలో ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ దీన్నే ధ్రువీకరిస్తూ, వస్తువు రకం, కొలత, గుణాలు, గడువు ముందే తేల్చుకోవాలనీ, సొమ్ము వాయిదాల్లో ఇవ్వవచ్చనీ చెప్పింది. నోటి మాట మీద స్లాబు వేయించుకుని తర్వాత తగాదా పడే మన అలవాటుకు ఇది గట్టి హెచ్చరిక.

పనివాని చేతిలోని వస్తువు పోతే ఎవరు భరించాలి? అతని చేతి పని వల్ల పాడైతే అతనే భరించాలన్నారు ఇమామ్. అతని ప్రమేయం లేకుండా పోతే అది అమానతు కాబట్టి అతని మీద భారం లేదన్నారు. శిష్యులిద్దరూ ఇక్కడ గురువుతో విభేదించారు. తప్పించుకోలేని పెద్ద ప్రమాదమైతే తప్ప పనివాడే బాధ్యుడని, అప్పుడే జనం సొత్తు భద్రంగా ఉంటుందని వారి అభిప్రాయం.

వీధి వైపు వంగిన గోడ గురించి హనఫీ ధర్మశాస్త్రంలో ప్రత్యేకంగా చర్చ ఉంది. గోడ వంగిందని, తీసేయమని యజమానిని కోరిన తర్వాత, తీయడానికి చాలినంత వ్యవధి ఉండీ అతడు తీయకపోతే, అది కూలి జరిగే నష్టానికి అతడే బాధ్యుడు. హెచ్చరించేవాడు ముస్లిమైనా, ముస్లిమేతరుడైనా ఆ హెచ్చరిక చెల్లుతుంది. ఇక గోడను మొదటి నుంచే వంకరగా కట్టి ఉంటే హెచ్చరికతో పనే లేదు. అన్ని మతాలవారూ పక్కపక్కనే బతికే మన వీధుల్లో ఇది ఎంత అవసరమైన నియమమో చెప్పనక్కరలేదు.

భారం పంచుకునే పద్ధతి

పొరపాటున ఒకరి వల్ల మరొకరి ప్రాణం పోతే పరిహారాన్ని ఒక్కడి మీదే మోపకుండా, అతని వారందరూ కలిసి చెల్లించే పద్ధతిని దైవప్రవక్త (స) కొనసాగించారు. ఈ బృందాన్ని ఆఖిలా అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒకే దివాన్‌లో, అంటే ఒకే సైనిక జాబితాలో పేర్లున్నవారిని ఆఖిలాగా నిర్ణయించారు. హనఫీ మదహబ్ దీన్నే అనుసరించింది. చెల్లింపు మూడేళ్ళలో. ఒక్కొక్కరి వాటా మొత్తం మూడు, నాలుగు దిర్హమ్‌లకు మించకూడదు. ఎవరి నడుమూ విరగదు, బాధిత కుటుంబం వీధిన పడదు. వృత్తుల ద్వారా ఒకరికొకరు అండగా నిలిచే చోట ఆ వృత్తివారే ఆఖిలా అవుతారని హిదాయా గ్రంథంలో ఉంది. తాపీ పనివారికి, వడ్రంగులకు, ఇటుక బట్టీ కూలీలకు ఇది సరిగ్గా వర్తిస్తుంది.

యూరప్ ఓడల బీమా అరబ్బు రేవులకు చేరినప్పుడు దాన్ని పరిశీలించి ఆక్షేపించిన దమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) కూడా హనఫీయే. 1985లో జిద్దాలో ఫిఖ్హ్ అకాడమీ లాభాపేక్షతో నడిచే వాణిజ్య బీమా ధర్మసమ్మతం కాదని, విరాళం, పరస్పర సహకారం పునాదిగా నడిచే బీమా సమ్మతమని తేల్చింది. దీన్నే తకాఫుల్ అంటున్నారు. సుడాన్‌లో 1979లో ఇలాంటి కంపెనీ వెలిసింది. మలేషియా 1984లో చట్టమే చేసింది. ఇప్పుడు మలేషియాలో, గల్ఫ్‌లో కట్టడాలకు కూడా తకాఫుల్ రక్షణ దొరుకుతోంది. సభ్యులందరూ వేసిన విరాళం ఒక నిధిగా ఉంటుంది, నష్టపోయినవారికి అందులోంచి ఇస్తారు, సొమ్మును వడ్డీ లేని వ్యాపారాల్లోనే పెడతారు.

మన ఊరిలో అలాంటి కంపెనీ లేదని చేతులు ముడుచుకోనవసరం లేదు. ఒక మస్జిదు పరిధిలోని కుటుంబాలు, మేస్త్రీలు నెలనెలా కొద్ది మొత్తం వేసుకుని, రాతకోతలతో, నమ్మకమైన లెక్కతో ఒక సహాయ నిధి నడపవచ్చు. ఏర్పాటు వివరాలు ఆలిములను, చట్టం తెలిసినవారిని అడిగి తేల్చుకోవాలి. గుర్తుంచుకోవలసింది ఒక్కటే. నిధి ఉంది కదా అని సిమెంటు తగ్గించకూడదు, వంగిన గోడను వదిలేయకూడదు. బాధ్యత ముందు, భారం పంచుకోవడం తర్వాత.

ఇమామ్ చివరి రోజుల్లో మన్సూర్ చెరలో పడ్డారు. హిజ్రీ 150లో, అంటే క్రీ.శ. 767లో బాగ్దాద్‌లో పరమపదించారు. దౌర్జన్యంగా లాక్కున్న నేలలో తనను పూడ్చవద్దని కోరారని, అందుకే ఖైజురాన్ శ్మశానంలో ఖననం చేశారని చెబుతారు. ఆ ప్రాంతం నేడు ఆయన బిరుదు మీదనే ఆజమియా అని పేరు పొందింది. మన్సూర్ కట్టించిన గుండ్రటి కోట గోడలు ఏనాడో మాయమయ్యాయి. ఆ గోడల ఇటుకలు లెక్కించిన ఇమామ్ బోధలు మాత్రం నేటికీ మన ఇళ్ళలో సజీవంగా ఉన్నాయి. ఇల్లు కట్టే ప్రతి ముస్లిమూ పునాది రాయి వేసేముందు ఆయన నిజాయితీని ఒక్కసారి తలచుకోవాలి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.